సొంత యింట చుట్టం: ఒక డిస్నీ ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, ఓర్లాండో నగరానికి నైరుతి దిక్కున వాల్ట్ డిస్నీ వరల్డ్ ఉంది. 1971 అక్టోబర్ 1న మ్యాజిక్ కింగ్‌డమ్ అనే ఒక్క పార్కుతో అది మొదలైంది. 1982లో ఎప్‌కాట్, 1989లో నేడు హాలీవుడ్ స్టూడియోస్ అనే పార్కు, 1998లో యానిమల్ కింగ్‌డమ్ చేరడంతో నాలుగు పార్కుల క్షేత్రమైంది. అక్కడికి వెళ్లినవారు చాలామంది హోటల్ గది అద్దెకు తీసుకుంటారు. కొందరు మాత్రం డిస్నీ వెకేషన్ క్లబ్ సభ్యులుగా దిగుతారు. 1991లో పుట్టిన ఈ క్లబ్బు టైమ్‌షేర్ జాతికి చెందినది. సభ్యుడు గదిని అద్దెకు తీసుకోడు, ఇల్లూ కొనడు. ఒక రిసార్టు భవనంలో విడదీయరాని చిన్న వాటాను, ఆ వాటాకు తగినన్ని పాయింట్లను కొంటాడు. పాయింట్లు ఏటేటా ఖాతాలో పడతాయి. వాటిని ఖర్చుపెట్టి రాత్రులు గడుపుతాడు. అతడి కారు రిసార్టు గేటు దగ్గర ఆగగానే అక్కడి ఉద్యోగి ‘వెల్కమ్ హోమ్’ అని పలకరిస్తాడు. వచ్చినవాడు ఇంటివాడా, అతిథా అనే సందేహానికి సమాధానంగా కింది పద్యం వెలసింది.

మూలం

పదునొకండు నెలలు పంచాంగమును జూచి
గదికి గాలమేసి కాచుకొనిన
సొంత యింట వాడు చుట్టమై దిగునయ్య
గిన్నె తానె తోమి కిస్తు కట్టు

ఛందస్సు

ఇది ఆటవెలది. ఒకటి, మూడు పాదాల్లో మూడేసి సూర్యగణాల మీద రెండేసి ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం: ప–పం, గ–కా, సొ–చు, గి–కి. ఎదురుచూపు చెప్పిన మొదటి పాదం పెద్దది, కిస్తు చెప్పిన చివరి పాదం చిన్నది. చివరిది చదవడానికి మాత్రమే చిన్నది.

రెండో పాదంలో ‘గాలము వేసి’ అని ఉండవలసిన చోట ‘గాలమేసి’ అన్నది వ్యావహారికం. గది కోసం పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి వకారం పలికే తీరిక ఉండదు కనుక దోషం క్షంతవ్యం.

ప్రతిపదార్థం

పదునొకండు నెలలు = బస మొదలయ్యే రోజుకు పదకొండు నెలల ముందు నుంచి; పంచాంగమును = పాయింట్ల పట్టికను; చూచి = పరిశీలించి; గదికి = స్టూడియోకో విల్లాకో; గాలమేసి = రిజర్వేషన్ పెట్టి, దొరకని పక్షంలో వెయిట్‌లిస్టులో చేరి; కాచుకొనిన = ఓపికపట్టిన; వాడు = సభ్యుడు; సొంత యింట = తనకు వాటా ఉన్న రిసార్టులో; చుట్టమై = అతిథియై; దిగున్ = విడిది చేస్తాడు; అయ్య = ఓయీ పాఠకుడా; గిన్నె = వండుకున్న పాత్రను; తానె = తానే స్వయంగా; తోమి = శుభ్రం చేసి; కిస్తు = వార్షిక రుసుమును; కట్టు = చెల్లిస్తాడు.

‘వాడు’ అన్న ఏకవచనం సాభిప్రాయం. బసకు వెళ్లేది కుటుంబమంతా అయినా రిజర్వేషన్ కోసం నిద్రలేచేది ఒక్కరే. పుంలింగం స్త్రీలకు కూడా ఉపలక్షణం.

మొదటి పాదానికి టీక

‘పంచాంగము’ అంటే ఇక్కడ తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం కాదు; క్లబ్బు ప్రతి సంవత్సరానికీ విడుదల చేసే పాయింట్ల పట్టిక. దానికీ ఐదు అంగాలున్నాయి. ఏ రిసార్టు, ఎంత గది, కిటికీలోంచి ఏం కనిపిస్తుంది, ఏ కాలం, వారంలో ఏ రాత్రి అనే ఐదూ తెలిస్తేనే ఒక రాత్రి వెల తేలుతుంది. అదే గది సెప్టెంబర్‌లో తక్కువ పాయింట్లకు, క్రిస్మస్ వారంలోనూ ఈస్టర్ ముందూ చాలా ఎక్కువకు దొరుకుతుంది. జిరాఫీలు కనిపించే బాల్కనీకి ఒక లెక్క, కార్ల పార్కింగ్ కనిపించే బాల్కనీకి ఇంకో లెక్క. పట్టికను క్లబ్బు ఏటా సవరించవచ్చు గాని, ఒక రిసార్టుకు ఏడాది పొడవునా కావలసిన మొత్తం పాయింట్లను పెంచరాదు. ఒక వారం ప్రియమైతే ఇంకో వారం చౌక కావలసిందే.

ప్రతి సభ్యుడికీ ‘యూజ్ ఇయర్’ అని ఒక నెల నిర్ణయమై ఉంటుంది. అది అతడి సొంత ఉగాది. ఆ నెల ఒకటో తేదీన కొత్త పాయింట్లు వస్తాయి. ఈ ఏడు వెళ్లడం కుదరకపోతే, యూజ్ ఇయర్ మొదటి ఎనిమిది నెలల్లోగా పాయింట్లను మరుసటి ఏటికి దాచుకోవచ్చు. దీన్ని ‘బ్యాంకింగ్’ అంటారు. దాచినవాటిని మళ్లీ దాచడానికి వీల్లేదు. మరుసటి ఏటి పాయింట్లను ముందుగా తెచ్చుకుని వాడుకోవడం ‘బారోయింగ్’. తల్లిదండ్రులు, అత్తమామలు కలిసివచ్చే ఏడు నిరుటివీ, ఈ ఏటివీ, వచ్చే ఏటివీ కలిపి మూడేళ్ల పాయింట్లతో పెద్ద విల్లా తీసుకునే కుటుంబాలున్నాయి. తరువాతి ఏడు వారు ఇంటిపట్టున ఉంటారు.

‘పదునొకండు’ అన్న సంఖ్య అలంకారం కోసం వేసినది కాదు. సభ్యుడు ఏ రిసార్టులో వాటా కొన్నాడో అది అతడి ‘హోమ్ రిసార్ట్’. అక్కడి గదులను పదకొండు నెలల ముందే పట్టుకునే హక్కు అతడిది. మిగతా రిసార్టుల గదులు ఏడు నెలల ముందు మాత్రమే అందుబాటులోకి వస్తాయి. మధ్యలోని నాలుగు నెలల్లో మంచి గదులకు వాటి సొంత సభ్యులే తలుపులు వేసుకుంటారు.

రెండో పాదానికి టీక

‘గాలమేసి’ అన్న మాటలో క్లబ్బు జీవితంలోని వీరరసమంతా ఉంది. కావలసిన తేదీకి సరిగ్గా పదకొండు నెలల ముందు, ఫ్లోరిడా సమయం ప్రకారం ఉదయం 8 గంటలకు వెబ్‌సైట్‌లో గదులు తెరుచుకుంటాయి. బస మొదలయ్యే రోజు నుంచి ఏడు రాత్రుల వరకు ఒకేసారి పట్టుకోవచ్చు. బోర్డ్‌వాక్ విల్లాస్ అనే రిసార్టులో తక్కువ పాయింట్ల స్టాండర్డ్ వ్యూ స్టూడియోలు, యానిమల్ కింగ్‌డమ్ విల్లాస్‌లో ‘వాల్యూ’ తరగతి గదులు కొద్దిగా ఉంటాయి, కోరేవారు ఎక్కువ. అవి చూస్తుండగానే మాయమవుతాయి.

దీనికి సభ్యులు కనిపెట్టిన ఉపాయం ‘వాకింగ్’. కోరిన తేదీ ఇంకా తెరుచుకోక ముందే, దానికి వారం ముందరి తేదీలకు గది పట్టుకుంటారు. తరువాత రోజుకో తేదీ చొప్పున రిజర్వేషన్‌ను ముందుకు నడిపిస్తూ కోరిన తేదీకి చేరుస్తారు. పోటీ ఎక్కువైన చోట ఈ నడక వారంతో ఆగక చాలా ముందు నుంచే మొదలవుతుంది. సభ్యుడు ఇల్లు కదలకుండానే అతడి గది రోజుకో అడుగు వేస్తూ వస్తుందన్నమాట. వీరి వల్ల మధ్య తేదీల గదులు దొరకనివారు దీన్ని అధర్మమంటారు. వారిలో కొందరు మరుసటి ఏడు తామే నడిపిస్తారు.

‘కాచుకొనిన’ అన్నది ‘వాడు’కు విశేషణం. ‘సొంత యింట’కు అన్వయించి ‘తన కోసం కాచుకుని ఉన్న ఇంట్లో’ అని చెప్పడం పొరపాటు. ఇల్లు ఎవరి కోసమూ కాచుకోదు. అతడు రాని రాత్రి వేరొక సభ్యుడు అందులో పడుకుని ఉంటాడు.

మూడో పాదానికి టీక

‘సొంత యింట’ అన్న మాటకు న్యాయశాస్త్రార్థం ఇది. సభ్యుడి పేర వాటా దస్తావేజు కౌంటీ కార్యాలయంలో నమోదవుతుంది. ఆస్తి పన్నులో అతడి వంతు అతడు కడతాడు. అయితే భవనం నిలిచిన నేల లీజుది. గడువు తీరగానే వాటా తిరిగి డిస్నీకి చేరుతుంది. క్లబ్బు తొలి రిసార్టు ఓల్డ్ కీ వెస్ట్‌కూ, బోర్డ్‌వాక్, బీచ్ క్లబ్ విల్లాలకూ ఆ గడువు 2042 జనవరి 31. ఓల్డ్ కీ వెస్ట్‌లో కొందరు అదనపు సొమ్ము కట్టి దాన్ని 2057 దాకా పొడిగించుకున్నారు. సరటోగా స్ప్రింగ్స్‌కు 2054, యానిమల్ కింగ్‌డమ్ విల్లాస్‌కు 2057, బే లేక్ టవర్‌కు 2060, రివియెరాకు 2070. గడువులోగా వాటాను అమ్ముకోవచ్చు, పిల్లలకు ఇవ్వవచ్చు. అమ్మకం కుదిరాక అదే ధరకు తానే కొనుక్కునే తొలి హక్కు మాత్రం డిస్నీ ఉంచుకుంది.

‘చుట్టమై’ అన్నది బస నియమాలను సూచిస్తుంది. గది చేతికొచ్చేది సాయంత్రం 4 గంటలకు. ఖాళీ చేయవలసింది ఉదయం 11 గంటలకు. ముందే వచ్చినవారు సామాను బెల్ సర్వీసెస్‌లో అప్పగించి ఈతకొలనుకో పార్కుకో వెళ్లవచ్చు. సొంత ఇంటి బయట నాలుగింటి దాకా నిలబడే యజమాని టైమ్‌షేర్‌లో తప్ప కనిపించడు.

‘దిగు’ ధాతువులో బస అనుభవమంతా ఇమిడి ఉంది. డిస్నీ రిసార్టుల్లో దిగినవారికి, క్లబ్బు సభ్యులైనా మామూలు అతిథులైనా, ప్రతిరోజూ పార్కుల్లోకి అరగంట ముందు ప్రవేశం ఉంటుంది. కారు తీయకుండా వెళ్లే దారులూ ఉన్నాయి. బే లేక్ టవర్ నుంచి మ్యాజిక్ కింగ్‌డమ్‌కు, బీచ్ క్లబ్, బోర్డ్‌వాక్‌ల నుంచి ఎప్‌కాట్‌కు నడిచి వెళ్లవచ్చు. పాలినేషియన్, గ్రాండ్ ఫ్లోరిడియన్ రిసార్టుల నుంచి మోనోరైలు నడుస్తుంది. రివియెరా నుంచి ఎప్‌కాట్‌కూ హాలీవుడ్ స్టూడియోస్‌కూ 2019లో మొదలైన స్కైలైనర్ తీగబళ్లున్నాయి. మిగిలినచోట్లకు బస్సులు. ఓర్లాండో విమానాశ్రయం నుంచి రిసార్టుకు ఒకప్పుడు డిస్నీ ఉచితంగా నడిపిన బస్సులు 2022 మొదట్లో ఆగిపోయాయి. ఇప్పుడు ఆ ప్రయాణం ఎవరి ఖర్చు వారిదే.

ఫ్లోరిడా వేసవిలో మధ్యాహ్నం దాటితే ఉరుములు, మెరుపులు, కుండపోత మామూలు. మెరుపు దగ్గరపడగానే ఆరుబయటి రైడ్లు ఆపేస్తారు. మొదటిసారి వచ్చినవాడు ప్లాస్టిక్ రెయిన్‌కోటు కొనుక్కుని క్యూలోనే నిలబడతాడు, టికెట్టు డబ్బు గుర్తొచ్చి. పాత సభ్యుడు రెండింటికే గదికి తిరిగొచ్చి, కునుకు తీసి, పిల్లల్ని కొలనులో దింపి, చల్లబడ్డాక మళ్లీ వెళతాడు. కొన్ని రోజులు పార్కుకే వెళ్లడు. యానిమల్ కింగ్‌డమ్ విల్లాస్‌లో సవానా అనే గడ్డిమైదానం వైపు గది దొరికితే బాల్కనీలో కూర్చుని జీబ్రాల మేతను చూస్తూ పూట గడిపేస్తాడు. ఆ రిసార్టులోని కిడానీ విలేజ్‌లో సనా అనే భోజనశాల ఉంది. ఆఫ్రికా వంటకు భారతీయ రుచులు కలిపిన చోటు అది. నాన్‌లతో పాటు చట్నీలు, రైతా, పచ్చళ్లు వరసగా తెచ్చిపెట్టే వారి బ్రెడ్ సర్వీస్ ప్రసిద్ధం. అక్కడ ఒక తెలుగు కుటుంబం రొట్టెలు తుంచుకుని చట్నీల్లో ముంచుతుండగా కిటికీ అవతల జిరాఫీ నడిచిపోవడం అద్భుతరసానికి ఉదాహరణ.

నాలుగో పాదానికి టీక

‘గిన్నె’ అన్నందువల్ల ఈ పాదం వంటగది ఉన్న విల్లాలకే వర్తిస్తుంది. గదుల్లో ప్రధానమైన తెగలు నాలుగు: స్టూడియో, ఒక పడకగది విల్లా, రెండు పడకగదుల విల్లా, మూడు పడకగదుల గ్రాండ్ విల్లా. స్టూడియోలో మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్, కాఫీ యంత్రం తప్ప పొయ్యి ఉండదు. ఒక పడకగది విల్లా నుంచి పైకి పొయ్యి, అవెన్, పెద్ద ఫ్రిజ్, డిష్‌వాషర్, బట్టలు ఉతికి ఆరబెట్టే యంత్రాలు అన్నీ ఉంటాయి. గ్రాండ్ విల్లాలో పన్నెండుమంది దాకా పడుకోవచ్చు. అట్లాంటా, షార్లెట్ వైపుల నుంచి కారులో వచ్చే తెలుగు కుటుంబాలకు ఈ పొయ్యి పెద్ద ఆకర్షణ. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ పూటపూటా బర్గర్ తినదు కనుక డిక్కీలో సూట్‌కేసుల పక్కన రైస్ కుక్కర్, బియ్యం, ఆవకాయ సీసా ప్రయాణం చేస్తాయి. పోపు పెట్టేటప్పుడు పొయ్యి మీది ఫ్యాన్ వేయడం మరువరాదు. గదిలోని పొగ అలారానికి ఎండుమిర్చికీ అగ్నిప్రమాదానికీ తేడా తెలియదు.

‘తానె’ అన్న అవధారణార్థకానికి కారణం: పాయింట్ల మీద దిగినవారి గదిని రోజూ శుభ్రం చేయరు. నాలుగో రోజున వచ్చి చెత్త తీసి తువ్వాళ్లు మారుస్తారు. ఎనిమిది రాత్రులు, అంతకు మించిన బసలకైతే నాలుగో రోజున పూర్తి శుభ్రత ఉంటుంది. రోజూ కావాలంటే విడిగా చెల్లించాలి. అద్దె అతిథికి లేని గిన్నెలూ బట్టలూ పక్కదుప్పట్లూ ఇంటివాడి పాలిట ఉన్నాయి. గేటు దగ్గరి పలకరింపు రుజువయ్యేది ఈ పాదంలోనే.

‘కిస్తు’ ద్వ్యర్థి. కొన్నప్పుడు అప్పు చేసినవారికి నెలవారీ కిస్తు ఒకటి. అందరికీ తప్పని వార్షిక రుసుము రెండోది. మొదటిది కొన్నేళ్లకు తీరుతుంది. రెండోది గడువు దాకా ఉంటుంది, సాధారణంగా పెరుగుతూనే ఉంటుంది. నిర్వహణ, ఆస్తి పన్ను, పైకప్పులూ సామాన్లూ మార్చడానికి దాచే నిధి ఇందులో భాగాలు. దీన్ని పాయింటుకు ఇంత అని లెక్కకడతారు. ఉదాహరణకు పాయింటుకు 8 డాలర్లనుకుంటే 150 పాయింట్లున్నవాడు ఆ ఏడు 1,200 డాలర్లు కట్టాలి, వెళ్లినా వెళ్లకపోయినా. పార్కు టికెట్లు, భోజనం ఇందులో లేవు. పాయింట్లు కొనేది పడకను మాత్రమే.

పాఠభేదాలు

నాలుగో పాదానికి ‘గిన్నె తోమకుండ కిస్తు కట్టు’ అని పాఠాంతరం. ఇది స్టూడియోవాసుల పాఠం. ఛందస్సు చెడలేదు, యతి నిలిచింది. రెండు పాఠాల్లోనూ కిస్తు మారదు.

మొదటి పాదానికి ‘ఏడు నెలల ముందె యేమైన దొరకునా’ అని ఇంకొక పాఠం. ‘అనుచు’ అన్న పదం అధ్యాహారం. ఇది హోమ్ రిసార్ట్ వదిలి మరోచోటు కోరేవారి పాఠం. ఇందులోని ప్రశ్నార్థకం సందేహాన్నే గాక, చాలాసార్లు సమాధానాన్నీ సూచిస్తుంది. 2019 జనవరి 19 తరువాత డిస్నీ దగ్గర కాక పాత సభ్యుల నుంచి వేరే రిసార్టుల్లో వాటా కొన్నవారికి రివియెరా, దాని తరువాత వచ్చిన రిసార్టుల విషయంలో ఈ పాఠం కూడా చెల్లదు. వారి పాయింట్లకు అక్కడ ప్రవేశమే లేదు.

పూర్వపక్షం, సిద్ధాంతం

పూర్వపక్షి వాదన: ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు హోటల్ గది తీసుకోవచ్చు, పక్క వాళ్లే సర్దుతారు, నచ్చకపోతే మరుసటి ఏడు వేరే ఊరు వెళ్లవచ్చు. దశాబ్దాల పాటు ఒకే క్షేత్రానికి కట్టుబడటం అవివేకం. మోజు తీర్చుకోవాలంటే సభ్యుల దగ్గర పాయింట్లు అద్దెకు తీసుకున్నా అదే గది వస్తుంది.

సిద్ధాంతి సమాధానం: ఈ వాదన అబద్ధం కాదు, అసంపూర్ణం. ఎప్పుడో ఒకసారి వెళ్లేవారికి, సెలవులు చివరి నిమిషంలో తేలేవారికి, వడ్డీకి అప్పు తెచ్చి కొనేవారికి పూర్వపక్షమే సిద్ధాంతం. ఏటా గాని, ఏడాది విడిచి ఏడాది గాని తప్పక వెళ్లే కుటుంబానికి లెక్క వేరు. రొక్కం పెట్టి కొని, పదకొండు నెలల ముందు తేదీలు తేల్చుకోగలిగితే, అదే తరగతి గదికి రోజువారీ అద్దె కట్టడం కన్నా దీర్ఘకాలంలో చౌక అవుతుంది. డబ్బుకు మించిన లాభం ఇంకొకటుంది. మళ్లీ వస్తామో రామో అనుకున్నవాడు పార్కులో పరుగెడతాడు. వచ్చే ఏడూ వస్తామని తెలిసినవాడు నడుస్తాడు. వాన పడితే గదికి తిరిగొస్తాడు. ఒక రైడు తప్పినా బాధపడడు. సభ్యుడు కొన్న అసలు వస్తువు ఈ తీరిక. దానికోసం మిగతా పదకొండు నెలలూ తొందరపడతాడు.

అలంకారం

సొంత ఇంట్లో చుట్టం కావడం విరోధాభాసం. ఇంటివాడు చుట్టం కాలేడని తోచే విరోధం, ఇల్లు ఏడాదిలో కొన్ని రాత్రులే అతడిదని తెలియగానే పరిహారమవుతుంది. గదిని చేపగా సూచించే ‘గాలమేసి’లో ఏకదేశవివర్తి రూపకం. గాలానికి ఎర పాయింట్లని చెప్పవలసిన పనిలేదు.

తాత్పర్యం

థీమ్ పార్కు టైమ్‌షేర్ సభ్యుడు పాయింట్ల పట్టికను పదకొండు నెలల ముందే చూసుకుని, కావలసిన గది కోసం కాచుకుని కూర్చుంటాడు. తనకు వాటా ఉన్న ఇంట్లో సాయంత్రం 4 నుంచి ఖాళీ చేసే రోజు ఉదయం 11 దాకా చుట్టంలా ఉంటాడు. ఇంటివాడిగా తన పాలికి వచ్చినవి వంటపని, గిన్నెలు, బట్టలు, ఏటేటా రుసుము. అతిథిగా దక్కినవి ముందస్తు ప్రవేశం, కొలను, బాల్కనీ, తొందరలేని మధ్యాహ్నం. ఈ రెండో పట్టిక మొదటిదానికి సాటి వస్తుందో లేదో తేల్చవలసింది ఆ కుటుంబం ఎంత తరచుగా వెళుతుందన్న విషయమే.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని అమ్మకాల ప్రదర్శనకు వెళ్లేముందు ఒకసారి, సంతకం చేశాక ఇంటికొచ్చి మరోసారి చదవాలి. ఫ్లోరిడా చట్టం ప్రకారం టైమ్‌షేర్ కొన్నవారు పది రోజుల్లోగా ఒప్పందాన్ని రద్దుచేసుకోవచ్చు. ఆలోపు చదివినవారికి ధనలాభం కలగవచ్చు. పదకొండో రోజున చదివినవారికి సాహిత్య ప్రయోజనం మాత్రమే సిద్ధిస్తుంది.